కారెక్కిన సైకిల్, కొండెక్కిన అన్నయ్య

రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లను కారులో పేర్చుకుని విశాఖ నుంచి అనంతగిరి ఘాట్‌కు వెళ్లిన ఓ డిసెంబరు ప్రయాణం. మోయాల్సిన బరువు సైకిళ్లది మాత్రమే కాదు.

తెల్లవారుజాము నాలుగున్నర. విశాఖపట్నం సీతమ్మధారలో మా అన్నయ్య వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లారు. రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు, ఒక ఎర్టిగా కారు, ఒక పాత లుంగీ, రెండు దుప్పట్లు, నాలుగు పట్టీ తాళ్లు, వాటి మధ్య ముగ్గురు మనుషులు. అరగంటగా మా అవస్థ చూస్తున్న వాచ్‌మన్ ఇక ఉండబట్టలేక అడిగేశాడు: "ఏటి బాబూ, కాళ్లు నొప్పెట్టకుండా అదే పోద్దని కదా కరెంటు సైకిలు కొన్నారు. మరి దాన్ని కార్లో ఎక్కించుకుని ఎల్తారేటి?"

సబబైన ప్రశ్నే. దానికి రెండు జవాబులున్నాయి. ఒకటి లెక్క. రెండోది మా అన్నయ్య గుండె.

లెక్క సులువు. విశాఖ నుంచి అరకుకు దాదాపు 115 కిలోమీటర్లు. మా సైకిళ్ల బ్యాటరీ 36 వోల్టులు, 10.4 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 374 వాట్ అవర్లు. మనమూ కాస్త తొక్కుతూ పోతే చదును రోడ్డు మీద 50, 60 కిలోమీటర్లు వస్తుంది. అంటే విశాఖలో బయల్దేరితే అసలు ఘాట్ మొదలయ్యే చోటికే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. కొండ కోసం దాచుకోవాల్సిన కరెంటును పెందుర్తి ట్రాఫిక్‌లో ఖర్చు చేయడం తెలివైన పని కాదు. అందుకే కొండ పాదం దాకా కారు, అక్కడి నుంచి సైకిల్.

గుండె సంగతి అంత సులువు కాదు. అన్నయ్యకు 62 ఏళ్లు. రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. నడవండి, చదునుగా ఉన్నచోట సైకిల్ తొక్కండి, ఆయాసం మాత్రం తెచ్చుకోకండి అన్నారు డాక్టరు. ఆయన బుద్ధిగా బీచ్ రోడ్డులో నడిచాడు. కానీ మనసులో మాత్రం అనంతగిరి ఘాట్ ఉండిపోయింది. (తెలంగాణ పాఠకులు వికారాబాద్ అనంతగిరి అనుకోవద్దు. ఇది తూర్పు కనుమల్లోది, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోది.)

1984 డిసెంబరులో అన్నయ్య, అతని నలుగురు స్నేహితులు, తోకలా వెంటపడిన పద్నాలుగేళ్ల నేను ఈ ఘాట్ ఎక్కడానికి వెళ్లాం. అప్పుడూ సైకిళ్లను మోసుకెళ్లింది మరో బండే. ఎస్.కోట దాకా ఆర్టీసీ బస్సు టాపు మీద, కొబ్బరి తాళ్లతో కట్టి. కండక్టరు సైకిల్‌కో లగేజీ టికెట్ కొట్టాడు. ఆనాటి అట్లాస్ సైకిల్ ఇంచుమించు 20 కిలోలుండేది. ఈనాటి మా ఎలక్ట్రిక్ సైకిల్ 24 కిలోలు. బరువులో పెద్ద తేడా లేదు. మారింది మేమే.

లోపలే ఎందుకు?

కారు వెనక డిక్కీకి పట్టీలతో తగిలించే స్టాండ్లు బజార్లో దొరుకుతున్నాయి, టాపు మీద బిగించేవీ ఉన్నాయి కదా అని చాలామంది సలహా ఇచ్చారు. అవి మామూలు సైకిళ్లకు బాగానే పనికొస్తాయి. ఎలక్ట్రిక్ సైకిల్‌తోనే చిక్కు. టాపు స్టాండ్లలో చాలా వాటి సామర్థ్యం సైకిల్‌కు 15 నుంచి 20 కిలోలు. అదీగాక 24 కిలోల వస్తువును తల కంటే ఎత్తుకు లేపడం స్టెంట్ వేయించుకున్న మనిషి చేయాల్సిన పని కాదు, నడుం నొప్పి ఉన్న అతని తమ్ముడు చేయాల్సిన పనీ కాదు. వెనక తగిలిస్తే నంబర్ ప్లేటు, బ్రేకు లైట్లు కనబడవు. పోలీసు ఆపడం సంగతి అలా ఉంచి, వెనకొచ్చే లారీకి మనం బ్రేకు వేసిన సంగతి తెలియదు.

కాబట్టి లోపలే. మొదట మా వ్యాగనార్‌లో ప్రయత్నించాం. వెనక సీట్లన్నీ మడిస్తే ఒక సైకిల్ దర్జాగా పట్టింది. రెండోది పెడితే వదినకు చోటు లేదు. ఈ ప్రయాణానికి వదినే డ్రైవరు, వదినే కమాండరు. చివరికి మా బావమరిది ఎర్టిగా అడిగి తెచ్చుకున్నాం. మూడో వరస మొత్తం, రెండో వరసలో పెద్ద భాగం మడిచేస్తే ఇంకా ఒక మనిషి కూర్చునే చోటు మిగిలింది.

ఎక్కించడంలో మూడు వారాంతాల తప్పుల తర్వాత మేం నేర్చుకున్నది ఇదీ. ముందు బ్యాటరీ తీసేయాలి. రెండున్నర కిలోల దాకా తగ్గుతుంది. తర్వాత ముందు చక్రం విప్పాలి. వెనక చక్రం జోలికి వెళ్లకూడదు. మన దగ్గర అమ్ముడయ్యే సైకిళ్లలో చాలా వాటికి మోటారు వెనక చక్రం మధ్యలోనే ఉంటుంది, దాని నుంచి కేబుల్ వస్తుంది. లాగితే తెగేది అదే. బరువంతా వెనకే కాబట్టి ఇద్దరు ఎత్తేటప్పుడు బలమైన మనిషి వెనక వైపు పట్టుకోవాలి. గేర్ల వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టాలి. లేకపోతే గేరు మార్చే సున్నితమైన భాగం మీద మొత్తం భారం పడి వంగిపోతుంది. చెయిన్‌కు పాత లుంగీ చుడితే సీట్ల మీద గ్రీజు మరకలు పడవు. రెండు సైకిళ్ల మధ్య దుప్పటి.

అన్నిటికంటే ముఖ్యం కట్టడం. లోపలే ఉంది కదా, ఎక్కడికి పోతుందని వదిలేస్తారు చాలామంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేన్నైనా గుద్ది ఆగిపోతే, కట్టని సైకిల్ మాత్రం ఆగదు. అదే వేగంతో ముందు సీటు మీదికి వస్తుంది. దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు మీంచి పడిన దెబ్బ ఎంతో అదంత. ఈ లెక్క చెప్పినప్పటి నుంచి వదిన పట్టీలు తనే బిగిస్తోంది. మడిచిన సీట్ల బెల్టులను కూడా ఫ్రేము గుండా తిప్పి లాక్ చేస్తోంది.

బ్యాటరీ అనే బాధ్యత

సైకిళ్ల తర్వాత బ్యాటరీలు. వాటి విషయంలో వదిన ఇంకా కఠినం. అందుకు కారణాలు మన రాష్ట్రాల్లోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ మరో ప్రాణం తీసింది. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు చెలరేగి, పైనున్న హోటల్లోని ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాదే ప్రభుత్వం స్కూటర్ల బ్యాటరీ పరీక్షల నిబంధనలను బిగించింది. అయితే 250 వాట్ల లోపు మోటారుతో, 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆపేసే మా వంటి సైకిళ్లు చట్టం దృష్టిలో మోటారు వాహనాలే కావు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. జాగ్రత్త మాత్రం మనదే.

విమానంలోనైతే ఈ బ్యాటరీని అసలు ఎక్కనివ్వరు. ప్రయాణికుల సామానులో 160 వాట్ అవర్లకు మించిన లిథియం బ్యాటరీలకు అనుమతి లేదు. మాది అంతకు రెట్టింపు పైనే. కారులో ఆ తనిఖీ చేసేవాళ్లుండరు కాబట్టి మనమే చేసుకోవాలి. మా పద్ధతి: కనెక్షన్ ఉండే చోట టేపు అంటించి, విడివిడిగా తువ్వాళ్లలో చుట్టి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కదలకుండా సీటు కింద. పైన బరువు పెట్టకూడదు. కింద పడి దెబ్బ తిన్న బ్యాటరీని, ఉబ్బిన బ్యాటరీని కారులోకే రానివ్వకూడదు. ఎండలో ఆపిన కారులో అరగంట, గంటలోనే లోపలి వేడి బయటికంటే 20 డిగ్రీలు పెరిగిపోతుంది. అందుకని ఎక్కడ టిఫినుకు ఆగినా చంటిపిల్లల్లా బ్యాటరీలనూ చంకన వేసుకుని హోటల్లోకి వెళ్లాల్సిందే. ఎస్.కోటలో ఇడ్లీ తింటుంటే పక్క టేబుల్ పెద్దాయన డబ్బాను అనుమానంగా చూసి, "ఏటండీ అందులో, స్వీట్లా?" అని అడిగారు. "పేలేవి" అని అన్నయ్య నోరు జారేలోగా వదిన "మందులండీ" అనేసింది.

మాట ఆగితే పెడల్ ఆగాలి

బొడ్డవర దాటాక ఒక చింతచెట్టు కింద కారు ఆపాం. పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. సైకిళ్లు దించాం. నాది అయిదు నిమిషాల్లో సిద్ధం. అన్నయ్య సైకిల్‌కు మాత్రం ముందు చక్రం ఎక్కడం లేదు. ఎంత నొక్కినా డిస్క్ లోపలికి పోదు. కాసేపటికి అర్థమైంది. చక్రం విప్పేశాక బ్రేకు ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టడం నేను మరిచిపోయాను. దారిలో ఏదో గుంతలో టిఫిను సంచీ జారి బ్రేకు హ్యాండిల్ మీద పడినట్లుంది. హైడ్రాలిక్ బ్రేకు కదా, మధ్యలో డిస్క్ లేకపోయేసరికి ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చి అతుక్కుపోయాయి.

పదిహేను నిమిషాలు తంటాలు పడ్డాను. అన్నయ్య ఏమీ అనలేదు. చెట్టు కింద రాయి మీద కూర్చుని కొండ వైపు చూస్తున్నాడు. రెండేళ్లు ఎదురుచూసిన ప్రయాణం నా మతిమరుపు వల్ల ఇక్కడే ఆగిపోతుందేమోనని నాకు చెమటలు పట్టాయి. చివరికి వదిన ఉప్మా కోసం తెచ్చిన స్పూను కాడను శుభ్రంగా తుడిచి, గుడ్డ చుట్టి, ప్యాడ్ల మధ్య పెట్టి మెల్లగా విప్పదీశాం. రూపాయి ఖర్చు లేని అట్టముక్క ఆ ఉదయం అరగంట తినేసింది.

డాక్టరు పెట్టిన షరతు ఒక్కటే. పక్కవాళ్లతో మామూలుగా మాట్లాడగలిగినంత జోరుగానే తొక్కాలి. మాట తడబడితే పెడల్ ఆగాలి. ఆ నిబంధన అమలు బాధ్యత నాది. వదిన కారులో వెనకాల.

చిక్కేమిటంటే మా అన్నయ్య మాట్లాడే మనిషి కాదు. నలభై ఏళ్లుగా మా ఫోన్ సంభాషణలు "బావున్నావా, బావున్నాను" దాటలేదు. ఇప్పుడు కొండ ఎక్కాలంటే మాట్లాడక తప్పదు. కాశీపట్నం దాటే దాకా వాతావరణం గురించి మాట్లాడాడు. మొదటి మలుపుల్లో పోర్టులో తన మొదటి ఉద్యోగం గురించి, కొత్తగా చేరినప్పుడు బైలదిల్లా నుంచి వచ్చిన ఇనుప ఖనిజం జపాన్ ఓడలకు ఎక్కుతుంటే గంటల తరబడి చూడటం గురించి చెప్పాడు. చెట్ల సందుల్లోంచి ఆ ఖనిజం తెచ్చే రైలు మార్గమే కనబడుతోంది. 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను. 58 సొరంగాలు, 84 వంతెనలు దాటుకుంటూ శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. నిండు వ్యాగన్లు కిందికి, ఖాళీవి పైకి. "మనం దానికి ఉల్టా" అన్నాడు అన్నయ్య, "నిండుగా పైకి పోతున్నాం."

సాయం ఎంత కావాలో ఎంచుకునే మీట ఉంటుంది ఈ సైకిళ్లకు. ఒకటి నుంచి అయిదు దాకా. అన్నయ్య మూడు మీద పెట్టాడు. తొక్కకుండానే లాగే థ్రాటిల్ కూడా ఉంది గానీ దాన్ని ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. వాలు పెరిగేకొద్దీ మోటారు వేణువులా సన్నగా కూస్తుంది. కాళ్ల కింద ఎవరో మెల్లగా చెయ్యి వేసి తోస్తున్నట్లుంటుంది. ఆయాసం లేదనుకోకండి. ఉంది, కానీ మన అదుపులో ఉంది. ఘాట్ రోడ్డు మీద మన వేగం పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. ఆ వేగంలో కారులో కనబడనివన్నీ కనబడతాయి. సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, రాళ్ల మీద నాచు, బస్సు కోసం నిలబడ్డ గిరిజన మహిళల బుట్టల్లో సీతాఫలాలు కాదు, ఈ కాలంలో రాజ్మా గింజలు.

టైడాలో టీ తాగడానికి ఆగాం. అక్కడ గ్లాసు కింద పెడుతూ అన్నయ్య ఉన్నట్టుండి అన్నాడు: "ఇక్కడే కదరా నిన్ను వదిలేశాం."

ఇక్కడే. 1984లో నా సైకిల్ ట్యూబు ఇక్కడే పేలింది. అతికించే సామాను లేదు. స్నేహితుల ముందు చిన్నతనమవుతుందనుకున్నాడో ఏమో, "సాయంత్రం దిగేటప్పుడు తీసుకెళ్తాం, ఇక్కడే కూర్చో" అని చెప్పి అన్నయ్య వాళ్లతో పైకి వెళ్లిపోయాడు. ఏడు గంటల పాటు నేను రైల్వే స్టేషన్ బల్ల మీద కూర్చున్నాను. వాళ్లు గాలికొండ దాకా వెళ్లొచ్చారు. ఆ రోజు గురించి మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా మాట రాలేదు. ఆయన మరిచిపోయాడనుకున్నాను. "పైకెళ్లాక ఏదీ సరిగ్గా చూడలేదురా" అన్నాడు. "నువ్వు అక్కడ కూర్చున్నావనే ఉంది." నేను ఏమనాలో తెలియక టీ డబ్బులిచ్చాను.

ఒక బ్యాటరీ తక్కువ

అనంతగిరి దాటాక అన్నయ్య బ్యాటరీ చివరి గీతకు వచ్చింది. నిజానికి ఇది ఊహించాల్సిందే. మనిషి, సైకిల్, సామాను కలిసి వంద కిలోలు. వంద కిలోలను వెయ్యి మీటర్లు పైకి ఎత్తాలంటే, ఎంత మంచి మోటారైనా సరే, 272 వాట్ అవర్లు కావాలి. పైగా చక్రంలోని మోటారు నెమ్మదిగా తిరిగినకొద్దీ కరెంటు ఎక్కువ తాగి వేడిగా మారుస్తుంది, పని తక్కువ చేస్తుంది. తేలిక గేరులో చకచకా తొక్కితే ఆదా. అన్నయ్య మాత్రం అట్లాస్ కాలం అలవాటు కొద్దీ బరువైన గేరులో నిదానంగా తొక్కుతూ వచ్చాడు. నేను రెండో నంబరు సాయంతో, తేలిక గేరులో రావడం వల్ల నా బ్యాటరీలో ఇంకా రెండు గీతలున్నాయి.

మోటారు కూత ఆగిపోయింది. అన్నయ్య ఆగలేదు. సాయం లేని 24 కిలోల ఇనుమును తొక్కుతూ పది గజాలు, ఇరవై గజాలు వెళ్లాడు. "అన్నయ్యా, ఏదైనా మాట్లాడు" అన్నాను. జవాబు లేదు. "అన్నయ్యా." వెనక నుంచి వదిన హారన్ ఒక్కసారి కాదు, ఆపకుండా మోగించింది. అప్పుడు ఆగాడు. హ్యాండిల్ మీద తల ఆన్చి నిలబడ్డాడు. వదిన దిగొచ్చి మణికట్టు పట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. రెండు, మూడు నిమిషాల తర్వాత, "బానే ఉన్నానే" అన్నాడు. మాట పూర్తిగా, తడబడకుండా వచ్చింది.

"ఇక చాలండీ. కారెక్కండి" అంది వదిన. అన్నయ్య ఎదురు చెప్పలేదు. అదే నాకు కష్టమనిపించింది. సైకిల్ దిగి, ముందు చక్రం విప్పడానికి పానా కోసం చూస్తున్నాడు.

మా సైకిళ్లు రెండూ ఒకే మోడల్. నా బ్యాటరీ తీసి అన్నయ్య సైకిల్‌లో పెట్టాను. అచ్చంగా సరిపోయింది. "గాలికొండ ఇంకెంతో లేదు. అయిదో నంబరు మీద పెట్టుకో. నేను వదినతో కారులో వస్తాను" అన్నాను. ఆయన నా వంక చూశాడు. "మళ్లీ నిన్నొదిలేసి వెళ్లమంటావురా?" "ఈసారి కారుంది కదా" అన్నాను. వదిన కాసేపు ఆలోచించింది. అర్ధగంట పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలి, కారు కిటికీలోంచి తను అడిగే ప్రతిదానికీ జవాబు చెప్పాలి, గొప్పకు పోకుండా థ్రాటిల్ వాడాలి అని మూడు షరతులు పెట్టింది. అన్నిటికీ ఒప్పుకున్నాడు.

అలా మా అన్నయ్య గాలికొండ ఎక్కాడు. నా కరెంటుతో, వదిన ప్రశ్నలకు జవాబులు చెబుతూ. నేను వెనక సీటులో నా సైకిల్ చక్రం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పైన గాలి కోతగా ఉంది. కింద లోయలో కాఫీ తోటలు, దూరంగా పసుపు దుప్పటి పరిచినట్లు వలిసె పూల పొలాలు. అన్నయ్య గోడ మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అక్కడ మాట్లాడక్కర్లేదు కాబట్టి మేమూ అడగలేదు.

దిగేటప్పుడు

దిగడం సరదాగా ఉంటుందని అందరూ అంటారు. మేం మాత్రం సైకిళ్లు మళ్లీ కారులో ఎక్కించాం. ఎక్కేటప్పుడు సాయం చేసిన ఆ 24 కిలోలే దిగేటప్పుడు మనల్ని తోస్తాయి. మలుపు మలుపుకీ బస్సులు, పొడవాటి వాలులో వేడెక్కే బ్రేకులు, పైగా ఆ ఉదయమే స్పూనుతో విప్పదీసిన బ్రేకు. ఎక్కించేటప్పుడు ప్యాడ్ల మధ్య అట్టముక్కలు నేనే పెట్టాను, రెండుసార్లు చూసుకున్నాను.

రాత్రికి అరకులో బస. మేం దిగిన చోట గదిలో బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టడానికి మేనేజరు ఒప్పుకోలేదు. వదినకు ఆయన తెగ నచ్చేశాడు. చివరికి వరండాలో, సిమెంటు గచ్చు మీద, మేం మెలకువగా ఉన్నంతసేపే పెట్టుకోనిచ్చారు. చలిలో దుప్పట్లు కప్పుకుని, ఎర్ర దీపం ఆకుపచ్చగా మారేదాకా అన్నదమ్ములం కాపలా కూర్చున్నాం. మాట్లాడాలన్న నిబంధన అప్పుడు లేదు. అయినా పదకొండు దాకా మాట్లాడుకున్నాం.

మర్నాడు సాయంత్రం సీతమ్మధార సెల్లారులో దించుతుంటే వాచ్‌మన్ సాయానికి వచ్చాడు. "ఇంతకీ మీరు తొక్కారా బాబూ, కరెంటే లాగిందా?"

"సగం నేను తొక్కాను, సగం కరెంటు" అన్నాడు అన్నయ్య. ఒక్క క్షణం ఆగి, "ఆ కరెంటులో కూడా కొంత మా తమ్ముడిది" అన్నాడు. తర్వాత సైకిల్ వెనక వైపు, బరువైన వైపు, పట్టుకోబోయాడు. వదిన చెయ్యి తీయించి, వాచ్‌మన్‌కు చూపించింది.